చెంచా ముక్క, పుంజు ఈక: సముద్రపు వేటకు ఇంట్లో చేసుకునే ఎరలు

(వేసవి వేట నిషేధ కాలంలో, అంతర్వేదికి దగ్గరలోని ఒక ఊరి గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం.)

సభకు నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న పెద్దలలో, నాకు ఈత కూడా రాని రోజుల్లోనే తెప్ప మీద సముద్రంలోకి వెళ్ళినవారు ఇద్దరు ముగ్గురు కనబడుతున్నారు. వారి ఎదుట నిలబడి వేట గురించి మాట్లాడడం హనుమంతుడి ముందు కుప్పిగంతులు వేయడమే అవుతుంది కనుక, నేను సముద్రం గురించి గాని, వలల గురించి గాని మాట్లాడబోవడం లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. నేను ముప్పై ఏళ్ళకు పైగా బడిలో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. గాలం వేయడం నాకు సెలవు రోజుల సరదాగా మొదలై, ఉద్యోగ విరమణ తర్వాత దినచర్య అయింది. ఈ కాలంలో నా చేతికి అబ్బిన ఒక చిన్న పని ఉన్నది. బజారులో కొనకుండా ఇంట్లో ఉన్న వస్తువులతో ఎరలు తయారు చేసుకోవడం ఆ పని. ఈ పూట దాని గురించే చెబుతాను.

ఇప్పుడే ఎందుకు చెప్పాలి అంటే, ఇది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర పడవలు, ఇంజను బిగించిన నావలు గట్టుకు చేరి ఉండవలసిన 61 రోజుల కాలం. కొబ్బరి చెట్ల నీడలో వలలు బాగుచేసుకునే ఈ రోజుల్లో చేతికి కొంత తీరిక దొరుకుతుంది. ఈ తీరికలో పది ఎరలు కట్టి డబ్బాలో పెట్టుకున్నవాడికి నిషేధం తీరిన నాడు కొట్టుకు పరుగెత్తవలసిన అవసరం ఉండదు.

పుస్తకాలలో వీటిని కృత్రిమ ఎరలు అంటారు. కుర్రవాళ్ళు లూరు అంటున్నారు. నేను మాత్రం ఉత్తుత్తి ఎర అంటాను, ఎందుకంటే అది చేసే పని అదే: చేప కానిది చేపలా నటిస్తుంది. బతికిన రొయ్యను, చిన్న కొయ్యింగ చేపను మించిన ఎర పండుగప్ప చేపకు లేదని ఇక్కడున్న పెద్దలు అంటే నేను వాదించను, అది నిజమే. అయితే బతికిన ఎరను ముందుగా పట్టాలి, బకెట్టులో నీరు మారుస్తూ బతికించాలి, ఎండలో గంట తిరిగేసరికి అది చస్తుంది. ఉత్తుత్తి ఎర ఏడాదిపాటు డబ్బాలో పడి ఉన్నా అలాగే ఉంటుంది.

ఇంతవరకు మీకు తెలిసినదే. ఇక తక్కువ ఖర్చు అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. దిగుమతి అయిన మంచి ఎర ఒకటి కొనడానికి నాలుగైదు వందల రూపాయలు పెడతాం. దాన్ని తెచ్చి మడ చెట్ల పక్కన నిలబడితే చెయ్యి రాదు. పండుగప్ప ఎక్కడ ఉంటుంది? మడ వేళ్ళ సందున, పాత వంతెన స్తంభాల నీడన, మునిగిపోయిన దుంగ వెనకాల ఉంటుంది. ఎర ఎక్కడ చిక్కుకుంటుంది? సరిగ్గా అక్కడే. ఖరీదైన ఎర చేతిలో ఉన్నవాడు ఆ వేళ్ళకు పది బారల ఇవతల, శుభ్రమైన నీళ్ళలో వేసి, సురక్షితంగా లాక్కుని, ఖాళీ సంచితో ఇంటికి వెళతాడు. నేను ఈ పని రెండేళ్ళు చేశాను. పాత చెంచాతో చేసిన ఎర ఉన్నవాడు దాన్ని వేళ్ళ మధ్యకే విసురుతాడు, పోతే ఇంకొకటి కట్టుకుంటాడు. అందుచేత చౌక ఎర వల్ల మిగిలే డబ్బు కన్నా, చేప ఉన్నచోట వేయగల ధైర్యం పెద్ద లాభమని నేను అనుకుంటాను.

రెండో సంగతి మన నీటి గురించి. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలు సముద్రంలో కలిసే మొగల దగ్గర నీరు ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. వరదల కాలంలో మోచేతివరకు ముంచితే వేళ్ళు కనబడవు. అటువంటి నీళ్ళలో ఎర మీద పొలుసు పొలుసుగా వేసిన రంగులను చేప చూసి మెచ్చుకుంటుందని నేను నమ్మను. చేపకు కన్ను ఒక్కటే ఆధారం కాదు. పండుగప్ప పక్కన మొప్ప వెనక నుంచి తోకదాకా సన్నని గీత ఒకటి కనబడుతుంది, చేప శుభ్రం చేసే అమ్మలందరూ చూసే ఉంటారు. దాన్ని పార్శ్వరేఖ అంటారు. ఆ గీత వెంబడి ఉన్న సూక్ష్మమైన అవయవాలు నీటి కదలికను పసిగడతాయి. దగ్గరలో చిన్న చేప తోక కొట్టుకుంటే, ఆ నీటి తాకిడి ఈ గీతకు తగులుతుంది. దీనికి తోడు నీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1500 మీటర్ల వేగంతో, అంటే గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంతో ప్రయాణిస్తుంది. కనుక మన నీళ్ళలో పనిచేసే ఎరకు అందం అవసరం లేదు. అది సరిగా కదలాలి, నీటిని కొట్టాలి, వీలైతే చప్పుడు చేయాలి. ఈ మూడూ వంటింటి చెంచాకు చేతనవును.

చెంచా దగ్గరే ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే మొదటిసారి చేసేవారు దీనితోనే మొదలుపెట్టాలి. పిడి వదులైనదో, వంగిపోయినదో పాత స్టీలు చెంచా ప్రతి ఇంట్లో ఉంటుంది. ముందుగా అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అంటుకునే రకం ఉప్పునీటిలో తొందరగా తుప్పు పడుతుంది, అంటుకోనిది ఎక్కువ కాలం నిలుస్తుంది. పిడిని మెడ దగ్గర హాక్సా బ్లేడుతో కోసి, కోసిన అంచును ఆకురాయితో నున్నగా రాయండి. తర్వాత గుంటకు రెండు కొసలలోను, అంచుకు నాలుగు మిల్లీమీటర్లు లోపలగా, 3 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయాలి. స్టీలు మీద డ్రిల్లు జారుతుంది కాబట్టి ముందు మేకుతో చిన్న గుంట కొట్టి, ఒక చుక్క కొబ్బరి నూనె వేసి, డ్రిల్లును నెమ్మదిగా తిప్పుతూ గట్టిగా నొక్కాలి. వేగంగా తిప్పితే స్టీలు వేడెక్కి ఇంకా గట్టిపడుతుంది, డ్రిల్లు మొన మాడుతుంది. రంధ్రం అంచులను కూడా రాయడం మరచిపోకండి. ఆ పదును, గాలాన్ని తగిలించే రింగును కొరుకుతూ ఉంటుంది, పెద్ద చేప పడిన రోజునే అది తెగుతుంది.

చెంచా గుంట కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, పిడి వైపు వెడల్పు, మొన వైపు సన్నం. సన్నని కొసకు తాడు, వెడల్పు కొసకు గాలం కడితే నాకు ఊపు బాగా వచ్చింది. తిరగేసి కట్టినా తప్పు లేదు, రెండూ చేసి చూడండి. లాగుతున్నప్పుడు జరిగేది ఇది: గుంటలో నీరు నిండి ఒక పక్క ఒత్తిడి పెరుగుతుంది, చెంచా అటు ఒరుగుతుంది, ఒరగగానే ఆ నీరు జారిపోయి రెండో పక్క ఒత్తిడి పెరుగుతుంది, ఇటు ఒరుగుతుంది. అలా దెబ్బ తిన్న కవ్వళ్ళ పిల్లలాగా అటూ ఇటూ తడబడుతూ వస్తుంది. మరీ వేగంగా లాగితే మాత్రం తడబడడం మాని గిరగిరా తిరగడం మొదలుపెడుతుంది, తాడు మెలికలు పడుతుంది. అందుకు రెండు ఉపాయాలు. ఒకటి, తాడుకు చెంచాకు మధ్య స్వివెల్ అనే తిరిగే కీలు పెట్టడం. రెండోది, చెంచా తోక కొసను చెక్క మీద ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి కొద్దిగా ఎదురు వంపు ఇవ్వడం. ఆ వంపు ఎంత ఉండాలో చెప్పడానికి కొలత లేదు. మొదటి చెంచాకు నేను ఎక్కువ కొట్టాను, అది నీళ్ళలో కదలకుండా చీపురులాగా వచ్చింది.

గుంట బరువు చాలదు, ముఖంమీద గాలి కొట్టే సాయంత్రం విసిరితే మన కాళ్ళ దగ్గరే పడుతుంది. చెంచాకు మూరెడు ముందు ఒక గుండు కట్టుకుంటే దూరం వెళుతుంది. కోసేసిన పిడిని పారేయకండి. దానికి రెండు కొసలా రంధ్రాలు వేసి, మధ్యలో కొద్దిగా వంచితే, సన్నని నెత్తళ్ళలాగా మెరుస్తూ దిగే మరో ఎర అవుతుంది. ఒక చెంచాకు రెండు ఎరలు.

ఇక ఈకల గాలాల సంగతి. ఇవి నావ మీద ఉన్నవారికి ఎక్కువ పనికివస్తాయి. కానాగంతల మంద తగిలినప్పుడు ఒకే తాడుకు నాలుగైదు గాలాలు కట్టి, కింద గుండు వేలాడదీసి, పైకీ కిందికీ ఆడిస్తే, ఒక్కోసారి రెండు మూడు కలిసి పైకి వస్తాయి. మాట వచ్చింది కనుక చెబుతున్నాను, ఈ కానాగంత మన భాష పేరును ప్రపంచమంతా మోసుకు తిరుగుతున్న చేప. ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో చేపలను సేకరించి, జాలరులు చెప్పిన పేర్లను వాటి బొమ్మల పక్కనే రాసి 1803లో ప్రచురించాడు. ఆయన రాసుకున్న కానాగుర్త అన్న మాటనే తర్వాత ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే శాస్త్రనామంలో ఉంచాడు. ఈనాటికీ ఏ దేశంలో ఆ చేప గురించి రాసినా రాస్ట్రెల్లిగర్ కానాగుర్తా అనే రాస్తారు.

ఈకలకు మన జిల్లాలలో కొరత ఏమున్నది? సంక్రాంతి మూడు రోజులు గడిచాక ఏ తోటలో చూసినా ఈకలే. పందెం సంగతి చట్టం చూసుకుంటుంది, నాకు కావలసింది పుంజు మెడ మీద ఉండే సన్నని పొడవాటి ఈకలు. తోక ఈకలు బిరుసుగా ఉంటాయి, అవి నీళ్ళలో కదలవు. మెడ ఈక తడిసినా ఊపిరి పీలుస్తున్నట్టు తెరుచుకుని మూసుకుంటుంది. సేతువ అనే పుంజు ఈక తెల్లగా ఉంటుంది కనుక అన్ని నీళ్ళకూ పనికివస్తుంది. డేగ అనే ఎర్ర పుంజు ఈక ఎరుపు లోతుకు దిగిన కొద్దీ నల్లగా మారిపోతుంది, ఎందుకంటే తేట నీటిలో సూర్యకాంతిలోని ఎరుపు అన్నిటికంటె ముందు ఇంకిపోతుంది. అలాగని కాకి అనే నల్ల పుంజు ఈకను తీసిపారేయకండి. పొద్దు వాలాక కింది నుంచి పైకి చూసే చేపకు ఆకాశపు వెలుతురులో నల్లని నీడే స్పష్టంగా కనబడుతుంది.

కట్టే పద్ధతి ఇది. గాలం కాడ మీద కన్ను, అంటే తాడు కట్టే రంధ్రం, దగ్గర మొదలుపెట్టి దారాన్ని పక్క పక్కన చుట్టండి. మా ఇంట్లో ఇందుకు నరసాపురం లేసు అల్లే తెల్లదారం వాడతాం. అది గట్టిది, సన్ననిది, ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లో అడిగినా ఉండ మిగిలి ఉంటుంది. రెండు ఈకలను ఎదురెదురుగా పెట్టి, మొనలు గాలం వంపు దాటి వేలి కణుపంత బయటికి వచ్చేట్టు చూసి, దారంతో బిగించాలి. ఉప్పాడ మగ్గాల దగ్గర జరీ తుంపులు దొరికితే రెండు పోగులు ఈకల పక్కన చేర్చండి. అది నీళ్ళలో చిన్న చేప పక్కలాగా తళుక్కుమంటుంది. జరీ దొరకకపోతే బిస్కెట్టు పొట్లం లోపలి వెండి కాగితాన్ని సన్నగా చీల్చినా చాలు. చివర ముడి మీద గోళ్ళ రంగు ఒక చుక్క వేసి ఆరనివ్వండి. మా మనవరాలి సీసా ఒకటి ఈ పనికే అయిపోయింది, ఆ గొడవ ఇంకా తీరలేదు. (నవ్వులు)

అసలు తాడుకు ఈ గాలాలను కట్టేటప్పుడు పక్క కొమ్మలు, అంటే గాలం వేలాడే చిన్న తాళ్ళు, బెత్తెడుకు మించకూడదు, ఒక కొమ్మకూ ఇంకో కొమ్మకూ మధ్య మూరెడు ఉండాలి. కొమ్మ పొడవుకు రెండింతల కన్నా ఎడం ఎక్కువగా ఉంటేనే పక్క పక్క గాలాలు ఒకదాన్నొకటి పట్టుకోవు. ఇది మరచిపోయి కట్టినవాడు నావ మీద వేట మాని చిక్కులు తీసుకుంటూ కూర్చుంటాడు.

ఇప్పుడు సీసం గురించి. ఇక్కడ నేను కొంచెం గట్టిగా మాట్లాడతాను. బరువైన ఎరలు పోసుకోవాలంటే సీసం అంత సులభమైన లోహం లేదు, 327 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. అచ్చుకు నాకు తెలిసిన చౌక పదార్థం మన ఒడ్డునే పడి ఉంటుంది. తెల్లగా, తేలికగా, అరచేతి అంత పొడవున, ఒక పక్క గట్టిగా, రెండో పక్క గోరుతో గీస్తే పొడి రాలేట్టుగా ఉండే దాన్ని సముద్రపు నురుగు అంటాం. పేరుకు నురుగే గాని, అది కటిల్ చేప వీపులో ఉండే ఎముక లాంటి భాగం, సున్నపు పదార్థం. ఆయుర్వేద దుకాణంలో అమ్ముతారు, వెండి బంగారాలు పోత పోసేవారూ వాడతారు. రెండు నురుగు ముక్కల మెత్తని ముఖాలను గరుకు నేల మీద రాసి చదును చేసి, మధ్యలో మీకు కావలసిన ఆకారం గల చెక్క ముక్కను పెట్టి అరచేతులతో నెమ్మదిగా నొక్కితే, ఆ ఆకారం రెండు వైపులా దిగబడుతుంది. చెక్క తీసేసి, పైన చిన్న కాలువ గీసి, గాలం కాడను లోపల ఆనించి, రెండు ముక్కలనూ ఇనుప తీగతో కట్టి, సీసం పోయడమే. విప్పి చూస్తే నురుగు పొరల గీతలు సీసం మీద అచ్చుపడి, పొలుసులు చెక్కినట్టే ఉంటుంది. డబ్బిచ్చి కొన్న ఎర మీద కూడా అంత సహజమైన పొలుసులు నేను చూడలేదు.

ఇంత అందంగా చెప్పాక, నా కుడి ముంజేతి మీది ఈ మచ్చ సంగతి కూడా చెప్పాలి. ఒక ఉదయం ఒడ్డున ఏరుకొచ్చిన నురుగు ముక్క చేతికి పొడిగానే అనిపించింది. ఆత్రంకొద్దీ ఎండబెట్టకుండా ఆ మధ్యాహ్నమే సీసం పోశాను. లోపలి పొరల్లో తేమ ఉన్నది. నీరు ఆవిరిగా మారితే దాదాపు 1700 రెట్ల చోటు ఆక్రమిస్తుందని ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద రాసినవాణ్ణి, ఆ పూట మరచిపోయాను. పోసిన సీసం టపాకాయలాగా వెనక్కి చిమ్మింది. కళ్ళజోడు ఉండబట్టి కళ్ళు దక్కాయి. అందుచేత అచ్చును వారం రోజులు ఎండలో పెట్టండి, పోసే ముందు మళ్ళీ వేడి చేయండి, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, కాళ్ళకు బూట్లు ఉండాలి. కరిగించడం ఆరుబయట, గాలి వీపు వైపు నుంచి వచ్చేట్టు నిలబడి చేయాలి. వంటింటి పొయ్యి, వంటింటి గిన్నె దీనికి ఎప్పుడూ వాడకూడదు. పిల్లల మెదడు ఎదుగుదలను సీసం దెబ్బతీస్తుంది. పాత బ్యాటరీల సీసం అసలే వద్దు, అందులో ఆమ్లమూ, విషపు ఆవిర్లు పుట్టించే ఇతర పదార్థాలూ ఉంటాయి. గుండును పంటితో నొక్కి తాడుకు బిగించే అలవాటు ఇక్కడ చాలామందికి ఉన్నదని నాకు తెలుసు, ఈ రోజుతో మానేయండి.

నిజానికి ఆ మచ్చ పడ్డాక నేను సీసం చాలావరకు వదిలేశాను. ఏసీలు బాగుచేసే వారి దగ్గర రాగి గొట్టం తుంపులు దొరుకుతాయి. నాలుగు అంగుళాల ముక్క కోసి, రెండు కొసలనూ ఏటవాలుగా రాసి, లోపల ఇనుప కడ్డీ ముక్క దూర్చి, ఎం-సీల్‌తో మూసేస్తే మంచి బరువైన ఎర తయారవుతుంది. ఇనుము సాంద్రత సీసం సాంద్రతలో మూడింట రెండు వంతులే కాబట్టి అదే పరిమాణంలో బరువు తక్కువ, అడుగుకు దిగడం నెమ్మది. లోతు సముద్రంలో అది లోపం కావచ్చు గాని, నడుం లోతు మొగలలో నెమ్మదిగా దిగడమే మేలు. మూసిన చోట సందు లేకుండా చూసుకోవాలి. రాగి, ఇనుము, ఉప్పునీరు మూడూ కలిస్తే అది బ్యాటరీయే, ఇనుము చూస్తుండగానే కరిగిపోతుంది. అల్యూమినియం రేకుకు స్టీలు మర బిగించినా ఇదే కథ, ఈసారి తినబడేది అల్యూమినియం.

కొయ్య చేపల దగ్గర నాకు ఒక పరాభవం ఉన్నది. వడ్రంగి దగ్గర బూరుగు చెక్క ముక్క తెచ్చి, వారం రోజులు చెక్కి, కళ్ళు దిద్ది, మూతి దగ్గర ఒక మర, పొట్ట కింద ఒక మర బిగించి, వాటికి తాడూ గాలమూ కట్టాను. పాటు, అంటే నీరు సముద్రంలోకి వెనక్కి తీయడం, మొదలైన గంటకు మడ పక్కన పండుగప్ప పట్టింది. అది నీళ్ళ పైకి ఒక్కసారి ఎగిరి తల విదిలించింది. తాడు వదులైంది. లాక్కుని చూస్తే మూతి దగ్గరి మర ఒక్కటే చిటికెనవేలంత చెక్కతో సహా తిరిగి వచ్చింది. బూరుగు మెత్తని చెక్క, ఉప్పునీరు పీల్చి ఇంకా మెత్తబడింది, మర దంతాలకు పట్టు లేదు. ఆ చేపకన్నా, గాలం మూతిలో మోసుకుపోయిందన్న బాధ నాకు చాలా రోజులు ఉన్నది.

అప్పటినుంచి కొయ్యను నమ్మడం మానేశాను. చెక్క కింది భాగంలో మూతి నుంచి తోకదాకా రంపంతో గాడి తీసి, ఒకే స్టీలు తీగను మూతి దగ్గర ఉంగరంగా, పొట్ట కింద ఉంగరంగా, తోక దగ్గర ఉంగరంగా మెలిపెట్టి, గాడిలో కూర్చి, అరాల్డైట్‌తో పూడుస్తాను. ఇప్పుడు చెక్క మొత్తం పగిలిపోయినా తాడుకూ గాలానికీ మధ్య తీగ తెగదు. మూతి కింద నాలుకలాంటి రేకు ఉంటేనే ఎర మునిగి ఊగుతుంది. దానికి పనికిరాని సీడీని వేడినీళ్ళలో ముంచి కత్తిరించండి, చల్లగా ఉంటే పగులుతుంది. నాలుక ఒంటి వరసలోకి ముందుకు చాపి ఉంటే ఎర లోతుకు దిగుతుంది, నిట్టనిలువుగా కిందికి ఉంటే పైపైనే వస్తుంది. చప్పుడు కోసం, రీఫిల్లు అయిపోయిన పెన్ను గొట్టంలో రెండు సైకిలు బాల్సు వేసి, రెండు కొసలూ మూసి, చెక్క కడుపులో రంధ్రం చేసి దూర్చాను. చెవి దగ్గర ఊపితే చిన్నపిల్లల గిలకలాగా ఉంటుంది. వరద నీళ్ళలో నాకు పడిన పండుగప్పలు చాలావరకు ఈ గిలకకే పడ్డాయి.

తక్కిన రకాలు త్వరగా చెబుతాను. సైకిలు వాల్వు ట్యూబును గాలం కాడ మీద తొడిగి, వంపు దాటి రెండంగుళాలు వదిలి ఏటవాలుగా కోస్తే సన్నని పాములాంటి ఎర, దీనికన్నా చౌకది నాకు తెలియదు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన హవాయి చెప్పు నుంచి గుండ్రని బిళ్ళలు కోసి, తీగకు గుచ్చి, ముందు బిళ్ళలో గుంట తీస్తే, లాగినప్పుడల్లా నీటి మీద బుడుంగుమంటుంది. పార చేపలు దాని వెంట పడతాయి. నైలాన్ తాడు కొసను విప్పి దువ్వితే రొయ్య మీసాలు. పులస మాత్రం వీటిలో దేనికీ రాదు, ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు కనుక చెబుతున్నాను. అది నీటిలోని సూక్ష్మజీవులను వడగట్టుకుని తినే చేప, చిన్న చేపను వెంటాడదు. పుస్తెలమ్మైనా పులస తినాలని అన్నారు గాని, చెంచా విసిరి పట్టమని ఎవరూ అనలేదు.

పిసినారితనం ఎక్కడ పనికిరాదో కూడా చెప్పాలి. గాలం, రింగు, స్వివెల్, ఈ మూడూ కొనండి, మంచివి కొనండి. తాళాల రింగు వాడిన రోజులు నాకూ ఉన్నాయి, అది సాగి నోరు తెరుస్తుంది. గాలాల అంకెలు కొత్తవారిని తికమకపెడతాయి: 10 కన్నా 4 పెద్దది, 4 కన్నా 1 పెద్దది, ఆ తర్వాత సున్నా చేరిన లెక్క మొదలై, అక్కడినుంచి అంకె పెరిగిన కొద్దీ గాలమూ పెరుగుతుంది. మొన పదును చూడడానికి బొటనవేలి గోరు మీద తేలికగా ఆనించి జరపండి, జారిపోతే మొద్దు, పట్టుకుంటే పదును. వంజరం కోసం వెళ్ళేవారు ఎరకు ముందు బారెడు నైలాన్ తాడు ఉన్నదని నిశ్చింతగా ఉండకండి, దాని పళ్ళు కత్తెర. జానెడున్నర స్టీలు తీగ ఉండాలి. మోటారు సైకిలు క్లచ్ తీగలోని పోగులను విడదీసి నేను వాడుతున్నాను. జింకు పూత పోయాక తుప్పు పడతాయి కాబట్టి రెండు మూడు వేటలకు మార్చేస్తాను. పండుగప్ప పళ్ళు గరుకు కాగితంలాంటివే గాని, మొప్ప అంచు బ్లేడు. ఆ చేపకు తీగ అక్కరలేదు, మందపాటి నైలాన్ చాలు, చేతితో పట్టుకునేటప్పుడు మాత్రం మొప్ప దగ్గర జాగ్రత్త.

కట్టిన ఎరను సముద్రానికి తీసుకువెళ్ళే ముందు నిశ్చలమైన నీళ్ళలో చూసుకోవాలి. ఇప్పుడు కాలువలకు నీరు కట్టేశారు కనుక చెరువు రేవు మెట్లే గతి. మూడడుగుల తాడు కట్టి, మెట్టు అంచు వెంట నడుస్తూ లాగండి. ఒక పక్కకే ఒరుగుతుంటే మూతి దగ్గరి ఉంగరాన్ని ఆ ఒరిగే వైపుకు ఎదురుగా వెంట్రుకవాసి వంచండి, మళ్ళీ చూడండి. తీరా వేటకు వెళ్ళినప్పుడు, పోటు నిండి నిలిచిన వేళ కన్నా, పాటు మొదలై మడలోంచి నీరు పాయలోకి జారే వేళ నిలబడండి. ఆ నీటితో రొయ్యపిల్లలు, కొయ్యింగ పిల్లలు బయటికి వస్తాయి, పండుగప్ప మలుపు దగ్గర వాటికోసం కాచుకుని ఉంటుంది. ఎరను పైనుంచి వేసి నీటి వాలులోనే రానివ్వండి. అమావాస్య, పౌర్ణమి ముందు వెనకల నీటి ఊపు మరీ ఎక్కువగా ఉంటే తేలిక ఎరలు నిలవవు, రాగి గొట్టం తీయండి. ఇంటికి రాగానే అన్నిటినీ మంచినీళ్ళలో ముంచి ఆరబెట్టాలి. ఆ ఒక్క పని చేయనివాడి డబ్బాలో నెల తిరిగేసరికి తుప్పు తప్ప ఏమీ మిగలదు.

నా డబ్బాను ముందు వరుస నుంచి వెనక్కి పంపిస్తున్నాను, తీరికగా చూడండి. పై అరలో ఉన్నవి చెంచాలు, వాటి గాలాలు తీసేశాను, పిల్లలు కూడా పట్టుకోవచ్చు. మధ్య అరలో ఆ మూతి ఊడిన మర, దాని చెక్క ముక్క ఉన్నాయి. కింది అరలో ఈకల గాలాలకు మొనలు అలాగే ఉన్నాయి, దాన్ని తెరవకండి. డబ్బా నా దగ్గరకు వచ్చాక చెంచా చెక్కాలనుకునేవారు పక్క గదిలోకి రండి, వైసు బల్లకు బిగించి ఉంచాను, డ్రిల్లు ఒక్కటే ఉన్నది కాబట్టి ఒకరి తర్వాత ఒకరు.